నోటీసురావు చేతిరాత

మా ఆయన బొమ్మలు వేస్తాడు. ‘మా ఆయన’ అని రాయడానికి ఇంకా కొంచెం సిగ్గుగానే ఉంది, అందుకే వీలైనన్నిసార్లు రాస్తుంటాను. పెళ్లయి ఇంకా ఆర్నెల్లు కాలేదు. మాకు రెండు గదులు, ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక స్టూలు, ఒకే కొక్కేనికి వేలాడే రెండు తువాళ్లు ఉన్నాయి. ఆ తువాళ్లను చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఎందుకో చెప్పలేను. పెళ్లికి ముందు తువాలు చూసి నవ్విన గుర్తు లేదు.

మా ఇద్దరి పనీ ఒకటే. ప్రతి గురువారం ఒక పేజీ బొమ్మల కథ తయారుచేసి ఆన్‌లైన్‌లో పెడతాం. మా ఆయన పెన్సిల్‌తో గీసి సిరాతో దిద్దుతాడు. మాటల బుడగల్లో అక్షరాలు నేను రాస్తాను. “కంప్యూటర్‌లో బోలెడు అక్షరాలుంటాయిగా, టైపు చేస్తే పోలా?” అని తెలిసినవాళ్లంతా ఉచితంగా సలహా ఇస్తారు. ఉంటాయి. కానీ వాటితో దొంగను చూసి అరిచినా, పెళ్లాన్ని ముద్దుగా పిలిచినా రైలు ఆలస్యంగా వస్తుందని చెబుతున్నట్టే వినిపిస్తుంది. అందుకని చేత్తోనే రాస్తాను.

చదివేవాళ్లను మూడు రకాలు చేశాం. గుమ్మం పాఠకులు పూర్తయిన పేజీ చూస్తారు. హాలు పాఠకులు దానికి ముందున్న పెన్సిల్ గీతలు కూడా చూస్తారు. అందరికంటే ఎక్కువ కట్టేవాళ్లు వంటగది పాఠకులు. నెలకో ఆదివారం ఉదయం మేం పని చేస్తుంటే వాళ్లు ఫోన్లో చూడొచ్చు, మాతో మాట్లాడొచ్చు. ఈ పేర్లు నేను పెట్టినవే. మా ఆయన వెండి, బంగారం, వజ్రం అందామన్నాడు. నగల కొట్టు ఎప్పుడు తెరుస్తున్నావని అడిగాను.

మొదట్లో వంటగదిలో ఉన్నది ఇద్దరే. ఒకరు మా అక్క. చెల్లెలి కాపురం ఎలా ఉందో తొంగి చూడటానికి ఇంతకంటే మర్యాదైన దారి దొరక్క చేరింది. రెండో ఆయన పళ్ల డాక్టరు. ఎప్పుడూ నోరు విప్పడు. ఎదుటివాళ్ల చేత విప్పించే అలవాటు కదా.

ఇంత గొప్ప పరిశ్రమకు అద్దె ఇల్లు దొరకడం మాత్రం గగనమైంది. వెళ్లిన ప్రతిచోటా ఇదే సంభాషణ.

“ఏం చేస్తుంటారు?”

“బొమ్మల కథలు వేసి ఆన్‌లైన్‌లో పెడతామండీ. నచ్చినవాళ్లు నెలనెలా కడతారు.”

“అది సరేనమ్మా. ఉద్యోగం?”

ఒకావిడైతే “ఈ సంగతి మీ నాన్నగారికి తెలుసా?” అని కూడా అడిగింది. అలా పదకొండు ఇళ్లు. పన్నెండో ఇంటి ఓనరు గారు డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. పొట్టిగా, తల నిండా తెల్లజుట్టుతో ఉంటారు. బొమ్మలు అనగానే ఆయన “చేత్తోనా?” అన్నారు. “చేత్తోనే” అన్నాం. తాళంచెవి ఇచ్చేశారు. కింద ఆయన, పైన మేం. మా పెద్ద గది కిటికీలోంచి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే తీరున మెత్తటి వెలుగు వస్తుంది. నీడలు కదలవు. బొమ్మలు వేసేవాడికి అలాంటి కిటికీ ఉన్న ఇల్లు దొరకడమంటే మాటలు కాదు. మా ఆయన మొదటి రోజు నన్నొదిలేసి ఆ కిటికీనే చూస్తూ నిలబడ్డాడు. నేను ఓర్చుకున్నాను.

ఒప్పంద పత్రం ఓనరు గారే స్వయంగా రాసిచ్చారు. అందులో ఒక షరతు ఇది: “ఓనరుకు మనస్తాపం కలిగిన యెడల అద్దెకున్నవారు నెల రోజుల్లో ఖాళీ చేయవలెను.” మేం పడీపడీ నవ్వి సంతకాలు పెట్టాం.

తర్వాత తెలిసింది, ఓనరు గారికి నోటీసులు రాసే జబ్బుందని. మెట్ల దగ్గర “చెప్పుల చప్పుడు చేయరాదు.” కుళాయి దగ్గర “విప్పిన చేతికే కట్టు బాధ్యత కలదు.” డాబా తలుపు మీద “ఈ తలుపు తనంతట తాను మూసుకొనదు.” మా పెద్ద గదిలో “గోడలకు మేకులు కొట్టరాదు” అని ఒకటి ఉంది. దాన్ని గోడకు మేకు కొట్టి తగిలించారు.

ఇంత చేతికందిన కథను వదులుకునే కళాకారులు ఎక్కడైనా ఉంటారేమో, మా ఇంట్లో లేరు. రెండో వారానికల్లా మా కథలోకి నోటీసురావు వచ్చేశాడు. ఒక అద్దె ఇల్లు, పైన కొత్త జంట, కింద నోటీసురావు. వాళ్లు ఊపిరి పీలిస్తే ఒక నోటీసు, వదిలితే ఇంకొకటి. ప్రతి గురువారం వాడు ఏదో ఒకటి నిషేధిస్తాడు, ప్రతి గురువారం చతికిలపడతాడు. చదివేవాళ్లు ఎగబడ్డారు.

మేం మరీ అంత తెలివితక్కువవాళ్లం కాదు, జాగ్రత్తలు తీసుకున్నాం. ఓనరు గారు పొట్టి కాబట్టి నోటీసురావు నిచ్చెనంత పొడుగు. ఆయనకు నిండా జుట్టుంది కాబట్టి వీడికి బట్టతల. నోట్లో ఒక పైపు కూడా పెట్టాం. ఇంటి రంగు మార్చాం, మెట్లు ఎడమ నుంచి కుడికి జరిపాం. మా ఆయన తన తెలివికి తానే మురిసిపోయి, “ఇప్పుడు వాళ్ల అమ్మ చూసినా పోల్చలేదు” అన్నాడు.

అన్నీ మార్చి ఒక్కటి మార్చలేదు. నోటీసుల్లో అక్షరాలు. మార్చడానికి నాకు మనసు రాలేదు. ఓనరు గారి తలకట్టు ఎగరబోయే పిట్టలా ఉంటుంది. దీర్ఘం కొంచెం దూరం వెళ్లి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగి చూస్తుంది. సున్నాలు నింపాదిగా, కడుపు నిండినట్టుంటాయి. మేకుకున్న నోటీసును ఎదురుగా పెట్టుకుని వారం రోజులు దిద్దాను. వచ్చేసింది. అప్పటి నుంచి నోటీసురావు ఏం రాసినా అచ్చం ఓనరు గారి చేత్తోనే రాసేవాడు.

మూడో నెలలో వంటగదిలోకి కొత్త పాఠకుడొకరు చేరారు. పేరు పెట్టాల్సిన చోట ‘పాతకలం’ అని ఉంది. ఫొటో లేదు. చేరిన రోజే సందేశం వచ్చింది.

“మీ నోటీసుల అక్షరాలు రాసేది ఎవరు? ఈ రోజుల్లో ఇలా రాసేవారు లేరు. వత్తుల దగ్గర చేయి తడబడుతున్నది గాని పట్టు మంచిది.”

నేను ఆ సందేశాన్ని అన్నం తింటూ చదివాను, తిన్నాక చదివాను, గిన్నెలు తోముతూ మా ఆయన చేత చదివించుకున్నాను. వారం వారం ఆయన రాస్తూనే ఉన్నారు. అంతా అక్షరాల గురించే.

“బొమ్మల గురించి ఒక్క ముక్క కూడా లేదేంటి?” అన్నాడు మా ఆయన నాలుగో వారం.

“పాపం, అడుగుదాం ఉండు” అని అడిగాను.

జవాబు వచ్చింది: “బొమ్మలు కూడా చూచితిని. అక్షరాలకు అడ్డు రాకుండా ఉన్నవి.”

ఆ సాయంత్రమంతా మా ఆయన నాతో ముక్తసరిగా మాట్లాడాడు. అది మా మొదటి గొడవ. ఎంత ముద్దొచ్చిందో!

ఆ నెల వంటగది ఆదివారం వచ్చింది. ఉదయం పదకొండు. బల్ల మీద పేజీ, దానికి పైన ఫోన్ బిగించిన చిన్న స్టాండు. తెర మీద మా అక్క ముఖం, పళ్ల డాక్టరు నుదురు, పాతకలం పేరున్న నల్ల గడి.

“ఏమే, పెళ్లయినా ఇంకా బుడగలు ఊదడమేనా?” అంది అక్క.

“నీకేం తెలుసక్కా. మా పాతకలం గారినడుగు, నా బుడగల విలువ చెబుతారు.”

“మీ ఆయన తిన్నాడా?”

“అక్కా, ఇది డబ్బు కట్టి చూసే కార్యక్రమం. నా పరువు తీయకు.”

ఆ వారం పేజీలో చివరి బొమ్మ ఇదీ: కొత్త జంట నవ్వుకుంటూ మెట్లు దిగుతుంటే, కింద నోటీసురావు గోడకు కాగితం అంటిస్తుంటాడు. ఆ కాగితం మీద రాయాల్సిన మాట “మెట్ల మీద నవ్వరాదు.” నేను పెన్ను పట్టుకుని మొదలుపెట్టబోయాను. అప్పుడు పాతకలం గారు మొదటిసారి గొంతు విప్పారు.

“అమ్మా, ఈ రాత ఎవరి దగ్గర నేర్చుకున్నావు?”

ముసలి గొంతు, బొంగురుగా ఉంది. అంత ఆత్రంగా అడిగేసరికి నాకు గర్వం పొంగుకొచ్చింది. అలాంటప్పుడు నా నోటికి నేను జవాబుదారీ కాను. లేచి వెళ్లి మేకుకున్న నోటీసు తీసి ఫోన్ ముందు ఆడించాను.

“ఇదిగోనండీ నా గురువు! మా ఇంటి ఓనరు రాసింది. చూస్తూ దిద్దుకున్నాను. రాత ముత్యాలేనండీ, మనిషే అచ్చం నోటీసురావు. బట్టతల లేదు, పైపు లేదు, మిగతాదంతా సేమ్ టు సేమ్!”

అక్క పకపకా నవ్వింది. పళ్ల డాక్టరు కూడా నవ్వాడు. అంత గొప్పగా ఉంది నా ప్రదర్శన. పాతకలం గారు నవ్వలేదు.

అంతలో వీధిలోంచి పాత సామాన్ల బండి వెళ్లింది. “పాత పేపర్లు, ఇనప సామాన్లు కొంటాం” అని మైకులో అరుపు కిటికీలోంచి వచ్చింది. ఒక్క క్షణం తర్వాత, అదే అరుపు, అదే గొంతుతో, ఫోన్లోంచి వచ్చింది.

“ఏమే, మీ ఇంట్లో ఏదైనా రెండేసిసార్లు వినిపిస్తుందా?” అంది అక్క.

తెర మీద ఎవరు మాట్లాడితే వాళ్ల గడి చుట్టూ పచ్చ గీత వెలుగుతుంది. అది నల్ల గడి చుట్టూ వెలుగుతోంది. మా ఆయనా నేనూ ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. బండి మా వీధి మలుపు తిరిగింది. ఫోన్లో కూడా తిరిగింది. తర్వాత నల్ల గడి మాయమైంది.

“అక్కా, తర్వాత చేస్తా” అని పెట్టేశాను.

కింద తలుపు తెరుచుకుంది. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. బాగా గట్టిగానే వినిపించింది.

“మనస్తాపం” అన్నాడు మా ఆయన, కిటికీ వైపు చూస్తూ. ఆ ఒక్క మాటకే నాలుగు నెలల క్రితం మేం పడీపడీ నవ్వాం. పదకొండు ఇళ్లు. మళ్లీ పన్నెండో ఇల్లు ఎక్కడ వెతకాలి? వెతికినా ఈ కిటికీ ఎక్కడ దొరుకుతుంది?

ఓనరు గారు లోపలికొచ్చి ఉన్న ఒక్క కుర్చీలో కూర్చున్నారు. మేం స్టూలు మీద చెరిసగం సర్దుకున్నాం. మామూలు రోజైతే అదీ సరదాగానే ఉండేది.

“మొత్తం ఎన్ని పేజీలు?”

“పదహారండీ.”

“అసలువి ఇటివ్వండి. ఫోన్లో నేను అక్షరాలే పెద్దవి చేసుకుని చూశాను. కథ చదవలేదు.”

ఇచ్చాం. కళ్లజోడు తుడుచుకుని ఒక్కో పేజీ చదివారు. మధ్యలో ఒక్కసారి మూతి వంకర తిరిగింది. అది నవ్వో మనస్తాపమో తెలియక మేం బిక్కచచ్చిపోయాం. పదహారూ అయ్యాక వాటి అంచులు సమంగా తట్టి బల్ల మీద పెట్టారు.

“చెప్పులు చప్పుడు చేయొద్దని రాశాను, నిజమే. ‘డాబా మీద నిట్టూర్చరాదు’ అని ఎప్పుడు రాశాను?”

“రాయలేదండీ. మేం కల్పించాం” అన్నాడు మా ఆయన.

“కల్పించు బాబూ. కథన్నాక కల్పిస్తారు. బట్టతల పెట్టావు, పెట్టుకో. పైపు పెట్టావు, మంచిది. కానీ ఆ మాటలు నా అక్షరాల్లో ఉన్నాయి. చదివినవాడు నేనే రాశాననుకుంటాడు.”

నేను బల్ల మీది పెన్నుకు మూత పెట్టేశాను.

“నలభై ఏళ్లు బోర్డులు రాశానమ్మాయ్. కొట్లు, బళ్లు, బస్సులు, బడి గోడలు. ఈ వీధి చివర మందుల షాపు బోర్డు నాదే. ఫ్లెక్సీలొచ్చాక దాని మీదే ఫ్లెక్సీ కొట్టారు. కింద నాది ఇంకా ఉంది.” గోడ మీద మిగిలిన మేకు వైపు చూశారు. “నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లు నలుగురు. అందరూ వేరే పనులు చూసుకున్నారు. ఆ మధ్య మా మేనకోడలు వచ్చి, ‘మామయ్యా, ఇది అచ్చం నీ రాతలా ఉంది చూడు’ అని ఫోన్లో మీ కథ చూపించింది. ఆ నలుగురిలో ఎవడో ఇంకా రాస్తున్నాడనుకున్నాను. ఎవడో చూద్దామని డబ్బు కట్టాను. ఇవాళ అడుగుదామని పొద్దుటే స్నానం చేసి కూర్చున్నాను.”

అంతవరకు నాకు ఇల్లు పోతుందనే భయం ఒక్కటే ఉండింది. ఇప్పుడు దాని పక్కన ఇంకోటి వచ్చి కూర్చుంది. అది భయం కంటే బరువుగా ఉంది.

“మనస్తాపం కలిగింది” అన్నారాయన, ఎవరో రాసింది చదువుతున్నట్టు. “కాగితంలో ఉన్నదే. నెల రోజులు.”

లేచి గుమ్మం దాకా వెళ్లారు. నేను బల్ల మీది పేజీ తీసుకుని అడ్డంగా నిలబడ్డాను.

“అంకుల్, ఇల్లు ఖాళీ చేస్తాం. కానీ ఈ పేజీ సగంలో ఉంది. ఈ అక్షరాలు ఇక నేను రాయలేను. నావి కావు కదా. ఈ ఒక్కటీ మీరే రాసిపెట్టండి.”

“ఏముందందులో?”

“మెట్ల మీద నవ్వరాదు.”

“రాయను.”

“పోనీ, మీకు నచ్చింది రాయండి.”

“నన్నడుగుతావేంటి? మ్యాటర్ తేవడం బోర్డు రాయించుకునే పార్టీ పని, రాయడం పెయింటర్ పని. నలభై ఏళ్లలో ఒక్క బోర్డు మీద కూడా నా సొంత మాట రాయలేదు.”

“మరి మెట్ల దగ్గరవి?” అనేశాడు మా ఆయన. అలాంటప్పుడు ఆయన నోటికీ ఎవరూ జవాబుదారీ కారని ఆ రోజే తెలిసింది.

“అవి నావే” అన్నారు ఓనరు గారు. “చూశావుగా ఎలా ఏడుస్తాయో.”

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. ఆయన నా వైపు ఓ క్షణం చూసి, “భోంచేసి వస్తాను. మ్యాటర్ తయారుగా పెట్టండి. బాగుంటే రాస్తాను, లేకపోతే లేదు” అన్నారు.

“మరి నెల రోజులు...”

“అది వేరు, ఇది వేరు.”

ఆయన మెట్లు దిగగానే కాగితాలు ముందేసుకున్నాం. పదహారు వారాలు నోటీసురావును ఓడించడానికి మాకు చిటికెలో తట్టేది. గెలిపించడానికి కూర్చుంటే బుర్ర మొరాయించింది.

“నవ్వండి, నవ్వించండి” అన్నాడు మా ఆయన.

“లాఫింగ్ క్లబ్బు బోర్డా? ‘మెట్లెక్కువారికి స్వాగతం’?”

“ఫంక్షన్ హాలు బోర్డా? ‘మీ సంతోషమే మా సంతోషం’?”

“ఛీ. బ్యాంకు క్యాలెండరులా ఉంది. ఆయన మొహం చూసి చెప్పు, జన్మలో అలాంటి మాట రాస్తారా?”

“రాయరు. చెప్పుల మీద రాస్తారు, కుళాయి మీద రాస్తారు, తలుపు మీద రాస్తారు...” అంటూ ఆగిపోయాడు. నేనూ ఆగిపోయాను.

ఈ ఇంట్లో అన్నిటి మీదా నోటీసు ఉంది. మా ఇద్దరి నవ్వుల మీద లేదు. నాలుగు నెలలుగా మెట్ల మీద, డాబా మీద, వంటగదిలో మేం నవ్వుతూనే ఉన్నాం. నేనైతే తువాలును చూసి కూడా గొల్లున నవ్వుతాను. కింద ఇంట్లో ఉన్న మనిషికి అదంతా వినిపించకుండా ఉండదు. ఆయన ఒక్క ముక్క రాయలేదు. మేమే ఆయన చేత రాయించబోయాం.

పెన్సిల్ తీసుకున్నాను. రెండు వాక్యాలు రాశాను. మా ఆయన చదివి, ఏమీ మార్చకుండా, పేజీ పక్కన పెట్టాడు.

ఓనరు గారు చేతిలో పాత డబ్బాతో వచ్చారు. అందులో బ్రష్షులు. కుర్చీలో కూర్చుని మ్యాటర్ అందుకుని పైకే చదివారు.

“పైన కొత్తగా పెళ్లయినవారు కలరు. నవ్వులు వినిపించిన యెడల ఇరుగుపొరుగువారు క్షమించవలెను.”

ఇంకోసారి మనసులో చదువుకున్నారు. తర్వాత నా పెన్సిల్ తీసుకుని చివరి మాట కొట్టేశారు.

“పార్టీ ఇచ్చిన మ్యాటర్ మార్చకూడదు. కానీ ‘క్షమించవలెను’ ఏంటి? క్షమించడానికి మీరేం తప్పు చేశారు?” అంటూ దాని పైన ‘సర్దుకొనవలెను’ అని రాశారు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. “చోటు చాలదు. ఈ కాగితం బొమ్మ ఇంకాస్త పెద్దగా ఉండాలి. ఈ పిల్లాడి తల అడ్డమొస్తోంది.”

ఆ పిల్లాడు మా కథానాయకుడు. అంటే మా ఆయనే. ఆ తలలో జుట్టు దిద్దడానికి ముందురోజు ఒక పూటంతా పట్టింది. తన బొమ్మల్లో ఒక్క గీత జరపమంటే నాతోనే పోట్లాడే మనిషి. మాట్లాడకుండా తెల్లరంగు సీసా తీసి, బొమ్మలోని తన తల మీద తనే పూసేసుకున్నాడు.

ఓనరు గారు రంగు ఆరేదాకా ఊదారు. తర్వాత బ్రష్షు ముంచారు. రెండు వాక్యాలకు గంటన్నర పట్టింది. నేను రెండు నిమిషాల్లో రాసేదాన్ని, కాకపోతే ఇప్పుడు ఆ సంగతి బయటపెట్టడానికి సిగ్గేసింది. ప్రతి అక్షరానికీ ముందు ఆయన చేయి గాల్లో ఒకసారి తిరిగేది. దిగేటప్పుడు మాత్రం తడబడలేదు. వత్తులు ఎలా రాయాలో నాకు ఆ రోజు అర్థమైంది. అర్థమైందని చెప్పబోతే, “వెలుతురుకు అడ్డు, జరుగు” అని కసిరారు.

అయిపోయాక వెనక్కి వాలి తల ఒక పక్కకు వంచి చూసుకున్నారు. మా ఆయన ధైర్యం కూడగట్టుకున్నాడు.

“మరి నెల రోజుల సంగతండీ...”

“నెల ఏంటయ్యా? వారానికో పేజీ అన్నారుగా?” అన్నారు ఓనరు గారు బ్రష్షు తుడుస్తూ. “ఇలా చివరి నిమిషంలో ఇస్తే నా వల్ల కాదు. మ్యాటర్ రెండు రోజుల ముందు అందాలి. కాగితం మందంగా తెప్పించండి. ఆ నోటీసురావు కాస్త వంగి నడిచేలా వెయ్యి, అంత నిటారుగా ఏ ఓనరూ నడవడు.”

ఆ గురువారం పేజీ వెళ్లింది. అక్షరాలెవరు రాశారో కింద వేశాం. గుమ్మం పాఠకులు పదిమంది హాల్లోకి వచ్చి చేరారు. నోటీసురావు మెత్తబడ్డాడని ఒకాయన అలిగి మానేశాడు. పళ్ల డాక్టరు చేరిన ఇన్నాళ్లకు మొదటిసారి నోరు విప్పి, “బాగుంది” అని రాశాడు.

ఓనరు గారు మాకు పని చేయడం మొదలుపెట్టాక వంటగది చందా ఆపేస్తారనుకున్నాం. ఆపలేదు. డబ్బు కట్టి మరీ ఆదివారం ఉదయం మా బల్ల దగ్గరే కూర్చుని, తాను రాస్తున్నది తానే ఫోన్లో చూసుకుంటూ, “వత్తు బాగా కుదిరింది” అని పాతకలం పేరుతో మెచ్చుకుంటున్నారు.